జోకర్ చేపకు సరిజోడు

బర్రెను కొనడానికి పోయినప్పుడు సత్తెమ్మ అమ్మేవాడి మాట వినదు. వాడు పాల గురించి గొప్పలు చెబుతుంటే ఈమె బర్రె చుట్టూ ఓసారి తిరిగి, పొదుగు తడిమి, నోరు తెరిచి పళ్లు చూసి, చివరికి తనకు నచ్చినదాని మెడ మీద చెయ్యి వేస్తుంది. ఆ చెయ్యి పడిందంటే బేరం అయిపోయినట్టే. గౌలిపురాలో పాలవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. పాపం, ముర్గీ చౌక్ దగ్గర రంగు చేపలమ్మే జహంగీర్ భాయ్‌కి తెలియదు.

సోమవారం పొద్దున వాడుక ఇళ్లకు పాలు పోయడం అయ్యాక ఆమె నేరుగా అతని దుకాణానికి వచ్చి, అద్దాల తొట్టి ముందు స్టూలు వేయించుకుని కూర్చుంది. లోపల నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలున్న చేపలు తిరుగుతున్నాయి. దుకాణంవాళ్లు వాటిని క్లౌన్ ఫిష్ అంటారు. సత్తెమ్మకు, ఆమె వీధికి అవి జోకర్ చేపలు. గోరంతవి, వేలి కణుపంతవి చాలా ఉన్నాయి. అన్నిటికీ వెనక పెద్దది ఒకటి రాయిని ఆనుకుని ఉంది. సత్తెమ్మ లేచి, సరిగ్గా దాని ఎదురుగా అద్దం మీద అరచెయ్యి ఆనించింది.

"ఇది ఇయ్యి భాయ్."

"ఇంట్ల ఇంకోటి ఉంది అంటిరి గదా అమ్మా. అది ఎంత ఉంటది?"

"నా చూపుడువేలంత. మస్తు బలంగ ఉంటది. రాణి అంటం. ఒక్కతే తిరుగుతుంటే చూసి నా పానం ఉసూరుమంటది."

"అయితే చిన్నది తీస్కోండి. వీటి హిసాబ్ వేరే. రెండిట్ల పెద్దది ఆడది అయితది. చిన్నది మగది లెక్క ఉంటది, పెద్దదాని మాట వింటది. రెండూ పెద్దవి ఏసిన్రంటే రోజూ లడాయి."

సత్తెమ్మ నవ్వింది. "పెద్దది ఆడది, చిన్నది మగది. గిదేం కొత్త ముచ్చట భాయ్, మా ఇంట్ల కూడ గంతే గదా."

జహంగీర్ భాయ్ కూడా నవ్వి, వల తీసుకుని చిన్నవాటి వైపు కదిలాడు. సత్తెమ్మ అద్దం మీది చెయ్యి తీయలేదు.

"నేను చెప్తున్న జూడు. దూడను తెచ్చి పెద్ద బర్రె పక్కన కట్టినమనుకో, దాన్ని గడ్డి కాడికి రానియ్యదు. పొడిచి పొడిచి చంపుతది. గదే సమానమైంది కట్టినమనుకో, దీన్ని చూసి అది, దాన్ని చూసి ఇది భయంల ఉంటయి. రెండు దినాలు కొమ్ములాడిస్తయి, తెల్లారి పక్కపక్కనే పండుకుంటయి."

"చేపలకు కొమ్ములు ఉండయి అమ్మా."

"అందుకే ఇంకా మంచిది."

జహంగీర్ భాయ్ వల పెద్దదాని వైపు తిప్పాడు. "ఆప్‌కీ మర్జీ, మీ ఇష్టం. రేపొచ్చి జహంగీర్ చెప్పలేదని మాత్రం అనొద్దు" అంటూ పెద్ద చేపను కవర్‌లోకి దింపి, గాలి నింపి, రబ్బరు బ్యాండు బిగించాడు. సత్తెమ్మ దాన్ని ఒడిలో పెట్టుకుని ఆటోలో ఇంటికి వచ్చింది. దారిపొడవునా చేప వైపే చూసింది. మంచి పశువును ఏరి తెచ్చానన్న సంతోషం ఆమె మొహంలో కనిపిస్తూనే ఉంది.

తొట్టి ఆ ఇంటికి వచ్చింది నయాపూల్‌లోని ఒక చాయ్ హోటల్ నుంచి. సత్తెమ్మ కొడుకు కొండల్ ఆ హోటల్‌కి పాలు పోస్తాడు. హోటల్‌ను కొత్తగా మారుస్తూ యజమాని తొట్టిని, అందులోని ఒక్కగానొక్క చేపను, సముద్రపు ఉప్పు పొట్లాలను అతని బండి మీదికి ఎక్కించి పంపించేశాడు. అది ఇప్పుడు హాల్లో, వంటింటి గుమ్మానికీ మేడమెట్లకూ నడుమ ఉంది. నీళ్లలో ఉప్పు కొలిచి కలిపేది, అద్దాలు తుడిచేది కోడలు నందిని. రెండు పూటలా మేత వేసేది సత్తెమ్మ. ఆ అత్తాకోడళ్లు గొడవ లేకుండా పంచుకున్న పని ఏదైనా ఉందంటే అదొక్కటే.

కవర్ చూడగానే నందిని కళ్లు చిట్లించింది. "గింత పెద్దది తెచ్చినవేంది అత్తమ్మా? ఫోన్‌ల చూస్తే చిన్నది ఏసుకోవాలని ఉంది."

"ఫోన్ ఎన్నడన్న బర్రెను కట్టేసిందా?"

నందిని కవర్‌ను తొట్టి నీళ్ల మీద తేలవేసి, మూతి విప్పి, తొట్టిలోని నీళ్లు చిన్న గిన్నెతో కొద్దికొద్దిగా అందులో పోయసాగింది. కొత్త చేప ఇక్కడి నీటికి మెల్లగా అలవాటు కావాలట. సత్తెమ్మకు ఈ పద్ధతి బాగా నచ్చింది. కొత్త బర్రెను కొట్టంలోకి తెచ్చిన రోజు ఆమె చేసేదీ ఇదే. వేపనూనె తీసి కొత్తదానికీ పాతవాటికీ ముక్కుల మీద, మెడల మీద రాస్తుంది. అన్నిటికీ ఒకే వాసన వస్తే పాతవి కొత్తదాన్ని పరాయిదని పొడవవు.

"గదే గదా, అందరికి ఒక్క వాసన" అంది, కోడలికి అంతా తానే నేర్పినట్టు.

సాయంత్రం కొట్టంలో కొండల్ పాలు పిండుతున్నాడు. నుదురు బర్రె డొక్కకు ఆనించి, మొహం కనబడకుండా కూర్చుని, "అమ్మా" అన్నాడు. కొడుకు ఆ భంగిమలో పిలిచాడంటే మంచి మాట కాదని సత్తెమ్మకు తెలుసు. గడ్డి వేస్తున్నది ఆగింది.

"నందిని పైన రేకుల గదిల పొయ్యి పెట్టుకుంటనంటున్నది. బేస్తారం దాంక చూస్తదట. లేకుంటే మలక్‌పేట పోతదట, వాళ్లమ్మ ఇంటికి. శుక్రారం ఎట్లా గడప దాటది గదా, అందుకే బేస్తారం అన్నది."

"నువ్వేమన్నవ్?"

"నేనేమంట. ఇగో, పాలు పిండుతున్న."

సత్తెమ్మ చేతిలోని గడ్డిమోపు బర్రె ముందు పడేసింది. "మా అత్త గీ పొయ్యి మీదనే వండింది. నేను వండిన. పొయ్యి రెండైతే ఇల్లు రెండైనట్టే. నా పానం ఉండంగ ఈ ఇంట్ల రెండో పొయ్యి వెలగదని చెప్పు."

"నువ్వే చెప్పు."

"నేనెందుకు చెప్త? అడిగింది నిన్ను గదా."

అని వచ్చేసింది గాని, ఆ రాత్రి అన్నం సయించలేదు. నందిని పోతానంటే పోయే రకమే. కోడలు పోయిన కొన్నాళ్లకు కొడుకూ ఆమె వెంట పోతాడు. పోనీ పొయ్యి పెట్టనిస్తే, పెంటయ్య పెండ్లాం సత్తెమ్మ ఉన్న ఒక్క కోడలితో పొత్తు కుదుర్చుకోలేకపోయిందని బస్తీ అంతా చెప్పుకుంటుంది. ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. గురువారం ఎంతో దూరంలో లేదు.

*

మంగళవారం తెల్లారేసరికి తొట్టిలో కొమ్ములాట మొదలైంది. రాణి బాణంలా వచ్చి కొత్తదాని డొక్కలో గుద్దింది. కొత్తది తిరగబడి రాణి మూతిని పట్టుకుంది. రెండూ గిరగిరా తిరిగి అడుగున ఇసుక లేపి, విడిపోయి, మళ్లీ ఎదురెదురుగా నిలబడ్డాయి. చాయ్ గ్లాసు పట్టుకుని వచ్చిన పెంటయ్య కాసేపు చూసి, "రెండు కొప్పులు ఒక్కతాన ఇమడయంటరు, నిజమే" అన్నాడు. పెండ్లాం వైపు చూడకుండా అన్నాడు గనుక బతికిపోయాడు.

"రెండు దినాలాగు. ఒకటి తల వంచుతది, నిమ్మళమైతది" అంది సత్తెమ్మ.

తొట్టి సంగతి అలా ఉంటే, వంటింట్లో నందిని టమాట పప్పు పొయ్యి మీద పెట్టి, మంట తగ్గించి, బట్టలు తేవడానికి మేడ మీదికి పోయింది. అత్తలేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. విడివిడిగా చూస్తే ఆ ఇద్దరూ బంగారమే. కానీ ఆ క్షణాన వంటింట్లో సత్తెమ్మ ఉంది, మూతపెట్టిన గిన్నె ఉంది, కోడలు లేదు. ఆమె మూత తీసింది. గరిటెతో కలిపింది. ఉప్పు చూసిందా అంటే లేదు. చెయ్యి దానంతటదే డబ్బాలోకి పోయి, పిడికెడు తీసి, గిన్నెలో వేసి, మళ్లీ మూత పెట్టింది. రోజూ చేసే పనే. చారులో చింతపండు పిండడం, కూరలో కారం పెంచడం, మంట ఎక్కువో తక్కువో చెయ్యడం. నందిని ఏం వండినా ఆమె చెయ్యి పడకుండా ఆ గిన్నె పొయ్యి దిగదు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర కొండల్ మొదటి ముద్దకే మొహం చిట్లించాడు. రెండో ముద్దకు కంచం ముందుకు నెట్టాడు.

"ఏంది నందినీ ఇది? ఉప్పు కుప్ప పోసినట్టుంది. ఫోన్ చూసుకుంట వండినవా?"

నందిని గరిటె పట్టుకుని నిలబడిపోయింది. పప్పు వైపు చూసి, అత్త వైపు చూసింది. సత్తెమ్మ ఆ సమయానికి పెంటయ్య గ్లాసులో మజ్జిగ పోస్తున్నది. గ్లాసు నిండి కింద పోయేదాకా పోసింది. నేనే వేశానని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట గొంతు దాకా వచ్చి, మజ్జిగ కారిపోతోందన్న సాకు దొరకగానే వెనక్కి పోయింది.

నందిని పప్పు గిన్నె తీసుకుపోయి బర్రెల కుడితి బానలో వంపి, గిన్నె కడిగి బోర్లించింది. తను మజ్జిగన్నం తిన్నది. కడిగిన గిన్నె లోపల ఇంకా ఏదో అంటుకుని ఉన్నట్టు సత్తెమ్మ సాయంత్రం దాన్ని మళ్లీ కడిగింది. సిగ్గుగా ఉంది. సిగ్గు వేసినకొద్దీ కోడలి మీద కోపం పెరిగింది, అదెక్కడి న్యాయమో.

*

బుధవారానికి తొట్టిలో ఏదీ తల వంచలేదు. కొత్తదాని తోక పీలికలైంది. అది పైన నీళ్లు తోడే గొట్టం వెనక నక్కి, రెక్క ఆడించడానికి కూడా భయపడుతున్నది. రాణి మూతి మీద తెల్లగా తోలు లేచింది.

గాయమంటే సత్తెమ్మకు పసుపే. బర్రె పొదుగు చీరుకుపోయినా, కొండల్ బండి మీద నుంచి పడ్డా పసుపే. వంటింట్లోంచి డబ్బా తెచ్చి, ఇంత పసుపు తీసి తొట్టి మీదికి చెయ్యి చాపింది. ఆ చెయ్యిని నందిని పట్టుకుంది. మణికట్టు దగ్గర గట్టిగానే పట్టుకుంది.

"వద్దత్తమ్మా. అవి ఉప్పు నీళ్లు, మన బావి నీళ్లు కావు. ఖరాబైతే రెండూ సస్తయి."

"పసుపేస్తే సచ్చుడేంది? చెయ్యి ఇడువు."

"ఇడువ. నా కూరగిన్నెల ఏం ఏసినా ఊకున్న. దీంట్ల పానాలున్నయి."

పసుపు జారి కింద గచ్చు మీద పడింది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి నందిని అత్తను ఇలా తాకింది లేదు, ఇలా మాట్లాడిందీ లేదు. అరిచి ఉంటే సత్తెమ్మ కూడా అరిచేది, బస్తీ వినేలా అరిచేది. ఆ పిల్ల గొంతు పెంచలేదు. చెయ్యి వదిలి, తడిబట్ట తెచ్చి గచ్చు మీది పసుపు తుడిచి, మెట్లెక్కి పోయింది. పైన బీరువా తలుపు తెరిచిన చప్పుడు, సంచి జిప్పు లాగిన చప్పుడు వినిపించాయి.

మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగింది. కొండల్ హోటళ్లకు పోయాడు. పెంటయ్య కొట్టంలో నులకమంచం మీద కునుకు తీస్తున్నాడు. సత్తెమ్మ తన కంచంలో అన్నం పెట్టుకుని, తినబోతూ, చేపలకు మేత వేయలేదని గుర్తొచ్చి కంచం అక్కడే పెట్టి లేచింది. గింజలు నలిపి నీళ్ల మీద చల్లింది.

గొట్టం వెనక కొత్తది కొంచెం కదిలింది. రాణి వెంటనే అటు తిరిగింది. గింజలు రాణి ముందు నుంచే మెల్లగా దిగాయి. ఒకటి దాని మూతికి తగిలి పక్కకు జారింది. రాణి చూపు గొట్టం మీదే ఉంది. సత్తెమ్మ ఇంకాసిన్ని చల్లింది. అవీ అడుగుకు చేరాయి. సగం తొట్టి తనదే, రాళ్లన్నీ తనవే, ఎదుటిది మూలన పడి ఉంది. అయినా రాణి ఒక్క గింజ నోట పెట్టలేదు. డొక్క లోపలికి పోయింది. గెలిచినదానికీ తిండి లేదు.

"తినే" అంది సత్తెమ్మ గొంతు తగ్గించి. "ఎవతె గుంజుకుంటది నీది? తినే."

అని, ఒక్కసారి వెనక్కి తిరిగి తన కంచం వైపు చూసింది. అన్నం చల్లారి గట్టిపడింది. రోజూ అంతే. నందిని వండుతుంటే పక్కన నిలబడాలి, వడ్డిస్తుంటే వెనక నిలబడాలి, గిన్నెలు సర్దుతుంటే లెక్క చూడాలి. అంతా అయ్యాక చల్లబడింది తినాలి. కిందటేడు వీధిలో ఆడవాళ్లంతా కొమురవెల్లి మల్లన్న జాతరకు పోతుంటే, ఏటా ముందు బండెక్కే సత్తెమ్మ మోకాళ్ల నొప్పులని చెప్పి ఆగిపోయింది. మోకాళ్లకేం రాలేదు. తను పోతే వంటిల్లు కోడలి చేతికి పోతుందని భయపడింది. మల్లన్నను కూడా వదులుకుని ఈ పొయ్యికి కాపలా కాసింది.

పెళ్లిచూపుల నాడు ఆమె నందినిని అడిగింది ఒక్కటే. ముప్పై మందికి వండగలవా అని. పెద్ద గిన్నె ఉంటే యాభై మందికి వండుతానంది పిల్ల, తల దించకుండా. ఇదీ పిల్లంటే అని సత్తెమ్మ అక్కడే చెయ్యి వేసేసింది. బేరం అయిపోయింది. బలమైనదాన్ని, తెలివైనదాన్ని, తనకు సరిజోడైనదాన్ని ఏరి తెచ్చుకుని, ఇంటికొచ్చాక దూడలా మూలన ఉండమంటే ఎట్లా ఉంటుంది. జహంగీర్ భాయ్ చెప్పినప్పుడు నవ్వింది గాని, ఇప్పుడు ఆమెకు నవ్వు రాలేదు. కళ్లు తుడుచుకుని చాలాసేపు తొట్టి ముందే కూర్చుంది.

*

గురువారం పొద్దున మెట్ల కింద నందిని సంచి ఉంది. పాలు పోసి కొండల్ తిరిగి రాగానే మలక్‌పేటలో దింపి రావాలి. నందిని తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని, కింది మెట్టు దగ్గర నిలబడింది.

సత్తెమ్మ వల పట్టుకుని తొట్టి దగ్గర తంటాలు పడుతోంది. "జర ఇటు రా బిడ్డా. గొట్టం అటు గుంజు, నాకు అందుతలేదు."

నందిని తటపటాయించి వచ్చింది. కొంగు దోపుకుని గొట్టం పక్కకు లాగింది. నీరసపడ్డ చేప పెద్దగా ఎదురుతిరగకుండానే వలలోకి వచ్చింది. ఇద్దరూ కలిసి దాన్ని నీళ్ల కవర్‌లోకి దింపారు. సత్తెమ్మ ఆ కవర్‌ను, ఎండ తగలకుండా, ఒక ఖాళీ పాల క్యాన్‌లో నిలబెట్టింది.

"నేనొచ్చేదాంక పోకు" అంది గడప దాటుతూ.

"ఎందుకత్తమ్మా?"

"పోకు అన్న గదా."

దుకాణంలో జహంగీర్ భాయ్ క్యాన్‌లోకి తొంగి చూసి, చేపను చూసి, తల అడ్డంగా ఊపాడు. నేను చెప్పలేదా అనబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. "ఫికర్ చెయ్యకండి. మందు నీళ్లల పెడ్త, బతుకుతది. చిన్నది తీస్కపోండి. చిన్నదైతే పెద్దదాని ముందట పక్కకు ఒరిగి జర ఒణుకుతది. నువ్వే పెద్ద అన్నట్టు. అంతే, ఇగ లొల్లి ఉండదు."

"చేపనైతే మార్చుకుంటం భాయ్" అంది సత్తెమ్మ, అతను చిన్న చేపను పడుతుంటే. "కోడలిని మార్చుకుంటమా?"

"క్యా?"

"ఏం లేదు. కట్టియ్యి."

ఆటో ఎక్కాక డ్రైవర్ గౌలిపురాయేనా అని అడిగాడు. సత్తెమ్మ ఒడిలో క్యాన్ సర్దుకుంది. "బేగంబజార్ పోనియ్యి" అంది.

బేగంబజార్ సందులో పొయ్యిలమ్మే దుకాణాయన ఆమెను చూడగానే రెండు మంటల చిన్న పొయ్యి ముందు పెట్టాడు. మేడ మీద గదికంటే ఇది చాలమ్మా, మొగుడూ పెళ్లాలకు సరిపోతుంది అన్నాడు. సత్తెమ్మ దాన్ని పక్కకు జరిపింది. అల్మారాల వెంట నడుస్తూ, ఒక్కో పొయ్యి దగ్గర ఆగి, బర్నర్ తీసి చూసి, పిడి తిప్పి చూసి, బల్ల మీద ఊగుతుందేమో ఊపి చూసింది. చివరికి ఒకదాని మీద చెయ్యి వేసింది. మూడు మంటలది, గట్టి ఇనుప కాళ్లది.

"నా ఇంట్ల ఉన్నది గిట్లాంటిదే. దానికంటె చిన్నది వద్దు" అంది.

ఆటో ఇంటి ముందు ఆగేసరికి కొండల్ వచ్చి బండి మీదే కూర్చుని ఉన్నాడు. నందిని సంచి పక్కన గడపలో నిలబడి ఉంది. పెంటయ్య ఎవరి వైపూ లేకుండా, రేగిచెట్టుకు నీళ్లు పోస్తున్నాడు. ఆటోలోంచి అట్టపెట్టె దిగడం చూసి ముగ్గురూ కదలలేదు.

"నిలవడి చూస్తరేంది, పట్టుకోండ్రి. బరువుంది" అంది సత్తెమ్మ.

కొండల్ పెట్టె మీది బొమ్మ చూశాడు. "అమ్మా, ఇది ఎవలకు?"

"పైకి. రేకుల గదిల పెట్టు. రెండో సిలిండర్ నిండుది ఎట్లా ఊకెనే పడి ఉంది, అది తీస్కపో." తర్వాత నందిని వైపు తిరిగింది. ఆటోలో దారంతా మనసులో కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "మంగళారం పప్పుల ఉప్పు నేనే ఏసిన" అంది. "చూడకుంట ఏసిన. వీడు నిన్ను అంటుంటే ఊకున్న. అది తప్పే."

కొండల్ తల దించుకున్నాడు.

"నాకెరుకే అత్తమ్మా" అంది నందిని.

"ఎరుకే గాని నువ్వు అనలే. నేనైతే అనేదాన్ని. నీ పొయ్యి కాడికి నేను రాను, నా పొయ్యి కాడికి నువ్వు రాకు. పిలిస్తే వస్త, పిలిస్తే రా. మలక్‌పేటకు పండుగకు పో బిడ్డా, లొల్లికి పోకు."

నందిని ఏడుస్తుందేమోనని సత్తెమ్మకు భయం వేసింది. పిల్ల ఏడవలేదు. వంగి సంచి తీసి మెట్ల మీద పెట్టి, అట్టపెట్టెకు ఒక పక్క చెయ్యి వేసింది. "ఒక్కడివే ఎత్తలేవ్, ఆగు" అంది మొగుడితో. ఇద్దరూ దాన్ని పట్టుకుని మెట్లెక్కారు. కింద పెంటయ్య చెంబు పక్కన పెట్టి, సిలిండర్ తేవడానికి లోపలికి పోయాడు.

సాయంత్రం చిన్న చేపను తొట్టిలోకి వదిలారు. రాణి దూసుకుపోయి దాన్ని ఒక్క పోటు పొడిచింది. చిన్నది పక్కకు ఒరిగి, రెక్కలు ముడిచి, నిలువెల్లా గడగడ వణికింది. రాణి దాని చుట్టూ తిరిగి, మూతితో ఓసారి తాకి, పట్టించుకోకుండా మేత వైపు పోయింది. గింజ వెనక గింజ తిన్నది.

"అమ్మయ్య" అంది నందిని.

"చేప గాబట్టి ఒణికింది" అంది సత్తెమ్మ. "మనిషైతే ఎందుకు ఒణకాలె."

*

శుక్రవారం పొద్దున పైన పాలు పొంగించారు. గిన్నె, పాలు కింది నుంచే పోయాయి. పొయ్యి మాత్రం నందిని వెలిగించింది. సత్తెమ్మ గుమ్మం బయటే నిలబడి చూసింది. పాలు పొంగి మూడు పక్కలా కారుతుంటే మంట తగ్గించమని చెప్పబోయి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ హడావిడి చూసి పక్కింటి విమలాదేవి గోడ మీదుగా అడగనే అడిగింది. "ఏంది సత్తెమ్మా, పొయ్యి వేరైనట్టుంది?"

సత్తెమ్మ ఈ ప్రశ్నకే కదా ఇన్నాళ్లు భయపడింది. తీరా అది ఎదుటికి వచ్చి నిలబడితే దాని మొహం అంత భయంకరంగా ఏమీ లేదు. "మాది పాలోళ్ల ఇల్లు గదా వదినా" అంది. "ఒక్క పొయ్యి మీద ఎన్నని కాగవెడతం?"

విమలాదేవి అర లీటరు పాలు పోయించుకుని లోపలికి పోయింది.

ఆ మధ్యాహ్నం సత్తెమ్మ ఇద్దరికే వండింది. వంకాయ కూర, చారు. వండటం ఎంత తొందరగా అయిపోయిందంటే, ఇంకా ఏదో మిగిలి ఉందని వంటింట్లో రెండుసార్లు చుట్టూ చూసింది. పెంటయ్య ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, పొగలు వచ్చే అన్నం కలుపుకుంది. వేళ్లు కాలాయి. తిన్నాక చాప మీద నడుం వాల్చింది. పాల వేళకు పెంటయ్య వచ్చి లేపేదాకా లేవలేదు.

మర్నాడు పొద్దున పాలు పోసి వచ్చి, చాయ్ పెట్టుకుని, గ్లాసు పట్టుకుని కింది మెట్టు మీద కూర్చుంది. పైన తలుపు తెరుచుకుంది. నందిని చేతిలో ఖాళీ గ్లాసు పట్టుకుని మెట్లు దిగి వచ్చి, ఒక మెట్టు పైనే ఆగింది.

"జర చాయ్ పొయ్యి అత్తమ్మా."

"పైన పెట్టుకోలేదా?"

"పెట్టిన. ఆయన తాగిండు. నాకు నీ చాయ్ తాగబుద్ధి అయింది."

సత్తెమ్మ తలెత్తి చూసింది. ఈ పిల్ల ఇంటికి వచ్చినప్పటి నుంచి తన చేతి చాయ్ తాగుతూనే ఉంది. కానీ కావాలని అడగడం ఇదే మొదటిసారి. తన గ్లాసులోదే సగం ఆ గ్లాసులోకి వంపింది.

"కూసో, నిలవడి తాగుడేంది" అంది.

నందిని అక్కడే కూర్చుంది. కోడలు పై మెట్టు మీద, అత్త కింది మెట్టు మీద కూర్చుని చాయ్ తాగారు. ఎవరు పైన ఉన్నారో, ఎవరు కింద ఉన్నారో ఆ పూట ఇద్దరిలో ఒక్కరికీ పట్టలేదు.